ఎత్తిన కత్తి కనబడాలి

తెలంగాణ పల్లెల్లో చిర్రగోనె అని, కోస్తా జిల్లాల్లో బిళ్ళంగోడు అని పిలిచే ఆటలో కష్టమంతా ఒక్క క్షణంలో ఇమిడి ఉంటుంది. రెండు కొనలూ సన్నగా చెక్కిన జానెడు పుల్ల చిర్ర. దానిని కొట్టే మూరెడు కర్ర గోనె. నేల మీద ఉన్న చిర్ర కొనను గోనెతో తట్టితే అది గాలిలోకి లేస్తుంది. లేచినది మళ్ళీ నేలను తాకేలోగా అదే గోనెను వెనక్కు లాగి, నడుము ఎత్తులో దానిని అందుకొని బలంగా కొట్టాలి. దెబ్బ కొన మీద కాక కాస్త లోపలికి పడితే చిర్ర లేవకుండా పొర్లుతుంది. మరీ గట్టిగా పడితే అందనంత దూరం ఎగురుతుంది. మెల్లగా పడితే గోనె తిరిగి వచ్చేలోగా కింద ఉంటుంది. ఈ ఆటకు కొత్తయిన పిల్లవాడు పదిసార్లు తప్పుతాడు, అయినా గోనెను వదిలిపెట్టడు. ఎందుకంటే తాను ఎక్కడ తప్పాడో చిర్ర పడిన తీరే అతనికి చెబుతుంది. ఫోన్లలోనూ కంప్యూటర్లలోనూ ఆడే యాక్షన్ వీడియో గేముల్లో కఠినత ఎందుకంత తృప్తినిస్తుందన్న ప్రశ్నకు జవాబు వెతకడం ఈ పుల్ల దగ్గర మొదలుపెట్టడమే సబబు.

ఒక ఊరిని ఉదాహరణగా తీసుకుంటే, సంగారెడ్డి జిల్లాలో జహీరాబాద్‌కు దగ్గరగా ఉన్న కోహీర్ జామతోటలకూ, చలికాలంలో రాష్ట్రంలోనే అతి తక్కువగా నమోదయ్యే ఉష్ణోగ్రతలకూ పేరుపడిన ఊరు. తెలుగూ ఉర్దూ కలగలిసి వినిపించే, కర్ణాటక పొలిమేరకు చేరువైన ఈ ప్రాంతంలో కూడా, తక్కిన అన్ని ఊళ్ళలో లాగే, పిల్లల ఆటలో పెద్ద భాగం ఇప్పుడు అరచేతిలోని తెర మీద సాగుతోంది. ఆ తెర మీది ఆటల్లో యాక్షన్ గేమ్ అన్నది ఒక ప్రత్యేకమైన జాతి. చదరంగంలో, పులిజూదంలో ఎత్తు వేసే ముందు ఎంతసేపైనా ఆలోచించుకోవచ్చు, ఆట ఆగి ఎదురుచూస్తుంది. యాక్షన్ గేములో ఆలోచనకు, చేతకు నడుమ విరామం ఉండదు. కన్ను చూసినది చేతికి అందేలోగా ప్రత్యర్థి కూడా కదులుతూనే ఉంటాడు. అందువల్ల ఇందులోని కష్టం తెలివికి పెట్టే పరీక్షగా మొదలై, చివరకు కంటికీ చేతికీ కుదిరే పొత్తుగా మారుతుంది. ఈత కానీ సైకిలు కానీ నేర్చుకున్నవారికి ఈ మార్పు అనుభవంలో ఉన్నదే: నిన్నటిదాకా లెక్క పెట్టుకుంటూ చేసిన పని ఈ రోజు లెక్క లేకుండానే జరిగిపోతుంది.

వీడియో గేముల్లో కష్టం మొదట వ్యాపారం కోసం పుట్టింది. నాణెం వేస్తే ఆడించే పెట్టెల కాలంలో ఆటగాడు ఎంత త్వరగా ఓడితే తరువాతి నాణెం అంత త్వరగా పడేది. అయితే మరీ త్వరగా ఓడించి పంపితే అతడు మళ్ళీ రాడు. ఈ రెండింటి మధ్య ఉన్న సన్నని దారిలోనే తొలితరం ఆటల రూపకర్తలు తమ విద్యను నేర్చుకున్నారు. 1978లో జపాన్‌లోని టైటో సంస్థ కోసం తోమోహిరో నిషికాడో తయారుచేసిన స్పేస్ ఇన్వేడర్స్ ఇందుకు మంచి ఉదాహరణ. ఐదు వరుసల్లో 55 గ్రహాంతర జీవులు పక్కకు నడుస్తూ, అంచు తగిలినప్పుడల్లా ఒక మెట్టు కిందికి దిగుతూ వస్తుంటాయి. అడుగున ఉన్న ఫిరంగితో వాటిని కూల్చాలి. అప్పటి యంత్రానికి ఉన్న శక్తి తక్కువ కాబట్టి అది ఒక్కో ఫ్రేములో, అంటే తెర మీద బొమ్మ ఒకసారి మారే వ్యవధిలో, ఒక్క జీవిని మాత్రమే కదిపేది. తెర సెకనుకు 60 సార్లు మారుతుంది కనుక 55 జీవులూ తలా ఒక అడుగు వేయడానికి దాదాపు ఒక సెకను పట్టేది. కూలినకొద్దీ మిగిలిన వాటి వంతు త్వరగా వచ్చి, చివరి జీవి పరుగులు పెట్టేది. యంత్రంలోని లోటు వల్ల వచ్చిన ఈ వేగాన్ని నిషికాడో సరిదిద్దకుండా అలాగే ఉంచారు, దానికి తోడు నేపథ్యంలో వినిపించే నాలుగు స్వరాల మోత కూడా వేగం పుంజుకునేలా చేశారు. ఇక్కడ గమనించవలసినది ఏమిటంటే, కష్టం బయటి నుంచి వచ్చి మీద పడలేదు, ఆటగాడి గెలుపులోంచే పెరిగింది. ఎంత బాగా ఆడితే అంత కష్టమవుతుంది, కాబట్టి ఆ కష్టాన్ని ఎవరూ అన్యాయం అనుకోలేదు.

అన్యాయం అన్న మాట ఇక్కడ కీలకమైనది. కఠినమైన ఆటలో ఓడినవారిని గమనిస్తే వారి నోట వచ్చే మాటలు రెండు రకాలుగా ఉంటాయి. ఒకటి, అరె, తొందరపడ్డాను అన్నది. రెండోది, ఇది మోసం అన్నది. మొదటి మాట అన్నవారు మళ్ళీ ఆడతారు, రెండోది అన్నవారు ఆట మూసేస్తారు. ఎదురైన కష్టం రెండు చోట్లా ఒకే పాళ్ళలో ఉండవచ్చు, కొన్నిసార్లు మొదటి చోటే ఎక్కువగా ఉండవచ్చు. తేడా అంతా ఓటమికి కారణం ఎవరిదన్న లెక్కలో ఉంది. తప్పు తనదేనని ఆటగాడికి తెలిసినప్పుడు, దిద్దుకునే అధికారం కూడా తన చేతిలోనే ఉన్నట్టు తెలుస్తుంది. చిర్ర పొర్లిపోయిన చోటును చూసి పిల్లవాడు గోనెను అంగుళం ఇవతలికి జరుపుకోవడం అదే. మంచి యాక్షన్ గేమును రూపొందించేవారి శ్రమలో అధిక భాగం ఈ ఒక్క సంగతి కోసమే ఖర్చవుతుంది.

దానిని దగ్గరగా చూడాలంటే ఒక్క దెబ్బను తీసుకుంటే చాలు. ఆటలో ఒక భారీ రాక్షసుడు గదతో మోదుతాడనుకుంటే, ఆ మోదడంలో మూడు ఘట్టాలు ఉంటాయి. మొదటిది ఎత్తు: రాక్షసుడి మడమ లేస్తుంది, భుజం వెనక్కు తిరుగుతుంది, గద తల వెనుకకు పోతుంది, గొంతులోంచి ఒక గురక వినిపిస్తుంది. రెండోది దెబ్బ: గద కిందికి దిగే ఐదారు ఫ్రేములు, అంటే సెకనులో పదో వంతు. మూడోది కోలుకోవడం: గద నేలలో దిగబడి, దానిని పెకలించుకోవడానికి రాక్షసుడు తీసుకునే సెకనో, సెకనున్నరో. కంటికి ఒక మార్పు కనిపించి వేలు కదలడానికి మామూలు మనిషికి సెకనులో సుమారు పావు వంతు, అంటే 15 ఫ్రేములు పడుతుంది. దెబ్బను చూసి తప్పుకోవడం అందుకే ఎవరికీ సాధ్యం కాదు. తప్పుకోవలసింది ఎత్తును చూసే. కాబట్టి ఆ ఎత్తు 15 ఫ్రేముల కన్నా ఎక్కువ సేపు, స్పష్టంగా, ప్రతిసారీ ఒకే తీరులో కనబడాలి. కత్తి ఎత్తడం కనిపించకుండా తల తెగిపడితే ఆటగాడు ఏమీ నేర్చుకోడు. ఆట పరిశ్రమలో ఈ ముందస్తు సూచనను టెలిగ్రాఫ్ అంటారు, రాబోయే దెబ్బ గురించి తంతి పంపడం అన్న అర్థంలో.

కొత్తగా ఆడేవారికి మొదట దెబ్బ ఒక్కటే కనిపిస్తుంది, ఎత్తు కనిపించదు. ఐదారుసార్లు పోయాక మడమ లేవడం కంట పడుతుంది. ఇంకో పదిసార్లు పోయాక, గద కుడి భుజం మీదుగా లేస్తే అడ్డంగా తిప్పుతాడనీ, రెండు చేతులతో లేస్తే నిలువుగా మోదుతాడనీ తెలుస్తుంది. ఆ తరువాత ఒక రోజు, గద నేలలో దిగబడిన ఆ సెకనులో ఎదురుదెబ్బలు రెండు వేయవచ్చు, మూడోదానికి ఆశపడితే ప్రాణం పోతుందన్న లెక్క చేతికి వస్తుంది. రాక్షసుడు ఏమీ మారలేదు, మొదటి రోజు ఎంత బలంతో కొట్టాడో ఇప్పుడూ అంతే బలంతో కొడుతున్నాడు. గందరగోళంగా కనిపించిన అతని కదలికలు మాత్రం ఇప్పుడు చదవగలిగిన అక్షరాల్లా కనిపిస్తున్నాయి. కఠినమైన ఆట ఇచ్చే తృప్తిలో సారం ఈ చదవగలగడమే, గెలుపు దాని వెంట వచ్చేది మాత్రమే. ఈ అక్షరాలు బాగా వచ్చినవారి కోసం రూపకర్తలు ఇంకొక మెలిక పెడతారు: 2022లో వచ్చిన ఎల్డెన్ రింగ్ అనే ఆటలో కొందరు ప్రత్యర్థులు ఎత్తిన ఆయుధాన్ని వెంటనే దించకుండా గాలిలోనే నిలిపి, ఆటగాడు భయపడి ముందే పక్కకు దొర్లేలా ఆలస్యం చేసి, అప్పుడు కొడతారు. 2019 నాటి సెకిరో అనే ఆటలో దీనికి భిన్నంగా, ప్రత్యర్థి కత్తి తగిలే క్షణంలో తన కత్తిని అడ్డం పెడుతూ పోవాలి. ఉక్కు మీద ఉక్కు పడే ఆ చప్పుడు లయ తప్పకుండా సాగినప్పుడు పోరాటం కోలాటంలా వినిపిస్తుంది, లయ తప్పినవాడి వేళ్ళ మీద దెబ్బ పడటం కూడా కోలాటంలోలాగే.

కష్టమైన ఆటలు ఆటగాడిని నిర్దాక్షిణ్యంగా చూస్తాయన్న పేరు ఉన్నా, వాటిలో మంచివి రహస్యంగా అతని పక్షాన ఉంటాయి. 2018లో వచ్చిన సెలెస్ట్ అనే ఆటలో ఒక అమ్మాయి మంచు కొండ ఎక్కుతుంది. ప్రతి తెరలోనూ ముళ్ళు, అగాధాలు, కూలే అరుగులు ఉంటాయి. అరుగు అంచు దాటి పాదం గాలిలోకి వెళ్ళాక కూడా సెకనులో పదో వంతు సేపు ఎగిరే మీట పనిచేస్తుంది. నిజానికి ఆటగాడు ఆలస్యం చేశాడు. కాని సమయానికే నొక్కానని అతని కన్ను నమ్ముతుంది, ఆట ఆ నమ్మకాన్ని మన్నిస్తుంది. తూటాల వాన కురిసే అనేక ఆటల్లో విమానం బొమ్మ పెద్దదిగా కనిపించినా, తూటా తగిలితే ప్రాణం పోయే భాగం దాని నడుమన చిన్న చుక్కంత మాత్రమే ఉంటుంది, కాబట్టి రెక్కను ఒరుసుకుంటూ పోయిన తూటా వెంట్రుకవాసిలో తప్పించుకున్న ఆనందాన్ని ఇస్తుంది. న్యాయాన్ని గడియారం ప్రకారం కాక మనిషి ఇంద్రియాల ప్రకారం కొలవాలన్న తెలివిడి ఈ ఏర్పాట్లలో ఉంది. వీటిని చూసి ఆట సులువైపోయిందని ఎవరూ అనరు, ఇవి లేకపోతే మాత్రం మోసమని అందరూ అంటారు.

ఓడిన తరువాత ఏమి జరుగుతుందన్నది కూడా ఆ ఓటమి విలువను తేలుస్తుంది. సెలెస్ట్‌లో ప్రాణం పోయిన వెంటనే, నిట్టూర్చే వ్యవధి కూడా లేకుండా, అదే తెర మొదటినుంచి మొదలవుతుంది. పోగొట్టుకునేది కొన్ని సెకన్లే కాబట్టి వందసార్లు పోయినా భారం అనిపించదు. జపాన్‌కు చెందిన ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్ సంస్థలో హిదెతాకా మియాజాకి నాయకత్వాన తయారై 2011లో విడుదలైన డార్క్ సోల్స్ సరిగ్గా దీనికి ఎదురుదారి పట్టింది. అందులో ఓడించిన ప్రతి శత్రువు నుంచి ఆత్మలు అనే సంపద వస్తుంది. బలం పెంచుకోవడానికీ వస్తువులు కొనడానికీ అదే పెట్టుబడి. చనిపోతే అదంతా చనిపోయిన చోటే పడి ఉంటుంది. విశ్రాంతి మంట దగ్గర తిరిగి లేచి, మధ్యలో మళ్ళీ బ్రతికి వచ్చిన శత్రువులనందరినీ దాటుకొని, అక్కడికి చేరితే దక్కుతుంది. దారిలో ఇంకొకసారి చనిపోతే శాశ్వతంగా పోతుంది. గాయం మానడానికి తాగే మందు కూడా కొన్ని గుక్కలే ఉంటుంది, తాగుతున్నంతసేపూ నిలబడిపోవాలి, ఆ నిలబడిన క్షణంలోనే శత్రువు మీదపడతాడు. ఇన్ని ముడులు వేసినందువల్ల ఆటగాడి భయం నిజమైన భయమవుతుంది, అతని జాగ్రత్త నిజమైన జాగ్రత్తవుతుంది. సెలెస్ట్ దారి, డార్క్ సోల్స్ దారి రెండూ సరైనవే. మొదటిది వేలికి నేర్పుతుంది, రెండోది ఆశను అదుపులో పెట్టడం నేర్పుతుంది.

కోహీర్ నుంచి సుమారు 100 కిలోమీటర్ల దూరంలో, హైదరాబాద్‌లో తయారైన ఒక ఆట ఈ విషయాన్ని మరింత లోతుకు తీసుకుపోతుంది. జైనుద్దీన్ ఫహద్ స్థాపకుల్లో ఒకరుగా ఉన్న ఓగర్ హెడ్ స్టూడియో అనే చిన్న సంస్థ 2017లో కంప్యూటర్ల కోసం విడుదల చేసిన ఈ యాక్షన్ గేము పేరు అసుర. దేవతల మీద పగ తీర్చుకోవడానికి బయలుదేరిన అసురుడిగా, పైనుంచి చూసే కోణంలో, గుంపులుగా వచ్చే శత్రువులతో తలపడటం ఇందులోని పని. ఇది రోగ్‌లైక్ అనే తరగతికి చెందుతుంది. 1980లో కంప్యూటర్ల మీద వచ్చిన రోగ్ అనే ఆట పేరు మీద ఏర్పడిన ఈ తరగతిలో రెండు నియమాలు ముఖ్యం: ప్రాణం పోతే ఆట మొదటికి వస్తుంది, మొదటికి వచ్చినప్పుడు దారులు, గదులు, శత్రువుల మోహరింపు కొత్తగా అమరుతాయి. అసుర ఇంకొక అడుగు వేసి, నైపుణ్య వృక్షాన్ని కూడా ప్రతి ఆటలోనూ కొత్తగా మొలిపిస్తుంది. నైపుణ్య వృక్షం అంటే ఆటగాడు ఒక్కొక్కటిగా సంపాదించుకునే శక్తుల కొమ్మలు. సాధారణంగా ఈ కొమ్మల అమరిక స్థిరంగా ఉంటుంది కాబట్టి ఏది ముందు ఎంచుకోవాలో ఎవరైనా కంఠస్థం చేసి పెట్టుకోవచ్చు. ఇక్కడ ఆ అవకాశం లేదు. నిన్న పనికొచ్చిన శక్తి ఈ రోజు చేతికి రాకపోవచ్చు, వచ్చినదానితోనే పోరాడే తీరును అక్కడికక్కడ కూర్చుకోవాలి.

ఇలాంటి ఆటలో ప్రాణం పోయినప్పుడు ఆయుధం పోతుంది, శక్తులు పోతాయి, నడిచిన దారి కూడా చెరిగిపోతుంది. మిగిలేది ఆటగాడి కంటికీ చేతికీ పట్టుబడినది మాత్రమే. అనేక ఇతర ఆటల్లో గంటలు గడిచేకొద్దీ బొమ్మ బలపడుతుంది, ఆడే మనిషి అలాగే ఉంటాడు. మొదటి రోజు యాభై దెబ్బలకు పడిన శత్రువు పదో రోజు ఐదు దెబ్బలకు పడితే అది లెక్కల్లోని అంకె పెరగడం వల్ల జరిగిన పని. అసుర వంటి ఆటలో బొమ్మ ప్రతిసారీ పసిదే, పెరిగేది మనిషి. పుణ్యం కూడబెట్టుకొని పై జన్మకు పోవడం మన కథల్లో వినడమే కాని, ఇక్కడ జన్మ జన్మకూ వెంట వచ్చేది జ్ఞాపకమొక్కటే. నగరంలోని ఒక చిన్న బృందం, పరిమితమైన వనరులతో, దేవాసుర వైరాన్ని కథగా మాత్రమే వాడుకోకుండా ఆట నియమాల్లోనే ఒక కొత్త ఆలోచన ప్రయత్నించడం తెలుగునాట ఇంకా తగినంత గుర్తింపు పొందని పని. సినిమాకు దక్కే చర్చలో వందో వంతు కూడా దానికి దక్కలేదు.

నిజానికి, కష్టాన్ని కళగా మలచి దానిని చూసేందుకు జనాన్ని కూర్చోబెట్టే సంప్రదాయం తెలుగువారికి కొత్తది కాదు. దివాకర్ల తిరుపతి శాస్త్రి, చెళ్ళపిళ్ళ వేంకట శాస్త్రి జంట పందొమ్మిదో శతాబ్దం చివర ఊరూరా తిరిగి జనరంజకం చేసిన అష్టావధానంలో ప్రశ్నలు వేసే ఎనిమిది మంది పృచ్ఛకులు ఒకేసారి అవధానిని చుట్టుముడతారు. అందులో నిషిద్ధాక్షరి అనే అంశాన్ని యాక్షన్ గేము దృష్టితో చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. అవధాని పద్యంలో ఒక అక్షరం చెప్పగానే, ఆయన తరువాత ఏ అక్షరం వేయబోతున్నారో ఊహించి పృచ్ఛకుడు దానిని నిషేధిస్తాడు. ఛందస్సు చెడకుండా, అర్థం విరగకుండా, అవధాని అప్పటికప్పుడు వేరే అక్షరంతో దారి మార్చుకోవాలి. పృచ్ఛకుడు తన దెబ్బను బాహాటంగా, అందరికీ వినిపించేలా వేస్తాడు. నియమం ఎప్పుడూ మారదు. తప్పు జరిగితే అది ఎవరిదో సభలో ఛందస్సు తెలిసిన ప్రతివారికీ తెలుస్తుంది. మధ్యలో గంట కొట్టేవాడు కొడుతూనే ఉంటాడు, అప్రస్తుత ప్రసంగి సంబంధం లేని ప్రశ్నలతో దృష్టి మరలుస్తూనే ఉంటాడు. గట్టి నిషేధాన్ని తప్పించుకొని పద్యం పాదం పూర్తయినప్పుడు సభలో లేచే చప్పట్లు, పెద్ద శత్రువు కూలినప్పుడు ఆటగాళ్ళ గుంపులో లేచే కేక ఒకే చోటు నుంచి పుడతాయి. తేలికైన నిషేధాలు వేసే పృచ్ఛకుడిని అవధానులు కూడా మెచ్చుకోరు.

కష్టం పేరుతో చెలామణి అయ్యే నకిలీ సరుకు కూడా చాలా ఉంది. శత్రువు తెలివిని పెంచకుండా అతని ప్రాణబలాన్ని పది రెట్లు చేసి, అదే దెబ్బను పదింతలు ఎక్కువసార్లు కొట్టించడం అందులో అన్నిటికన్నా సోమరితనంతో కూడినది. అక్కడ నేర్చుకునేదేమీ ఉండదు, అలసట మాత్రం ఉంటుంది. దానికన్నా హానికరమైనది ఫోను ఆటల్లో ఉంది. ఉచితంగా దొరికే అనేక ఆటలు కొంతదూరం హాయిగా సాగి, ఒక స్థాయి దగ్గర ఉన్నట్టుండి గోడ కట్టినట్టు నిలిచిపోతాయి. గోడ దాటడానికి నైపుణ్యం సరిపోదు, గంటల తరబడి ఆగాలి లేదా డబ్బు కట్టి మెరుగైన ఆయుధం కొనాలి. చూడటానికి ఇది కూడా కష్టమే; కాని దాని తాళం చెవి ఆటగాడి చేతిలో కాక అతని తండ్రి బ్యాంకు ఖాతాలో ఉంటుంది. నాణెం పెట్టెల కాలం నాటి వ్యాపారం వెనక్కు వచ్చినట్టే ఉన్నా, ఆ పెట్టెలు కనీసం ఒకే నాణేనికి ఎక్కువసేపు ఆడే నేర్పును గౌరవించేవి.

ఆటలో నైపుణ్యం ఎంత, అదృష్టం ఎంత అన్న ప్రశ్న తెలుగునాట న్యాయస్థానాల దాకా కూడా వెళ్ళింది. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బులో జరిగిన రమ్మీకి సంబంధించి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నడిపిన కేసులో 1967లో సుప్రీంకోర్టు, రమ్మీ ప్రధానంగా నైపుణ్యం మీద ఆధారపడిన ఆట అని చెప్పింది. అర్ధ శతాబ్దం తరువాత, 2017లో తెలంగాణ ప్రభుత్వం గేమింగ్ చట్టాన్ని సవరించి ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడే రమ్మీని కూడా నిషేధం కిందికి తెచ్చింది. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం డబ్బు పందెపు ఆన్‌లైన్ ఆటలను దేశమంతటా నిషేధిస్తూ, పోటీగా ఆడే ఇ-స్పోర్ట్స్‌ను వాటి నుంచి వేరుచేసి గుర్తించింది. చట్టం చూసే గీటురాయి డబ్బు. అనుభవం వైపు నుంచి చూస్తే ఇంకొక గీటురాయి కనిపిస్తుంది: పేకముక్క సరైనది రాక ఓడినవాడు మళ్ళీ ఆడేది ఈసారైనా వస్తుందన్న ఆశతో, గద దెబ్బకు ఓడినవాడు మళ్ళీ ఆడేది ఈసారి తప్పుకోగలనన్న ఎరుకతో. బయటనుంచి చూసేవారికి ఇద్దరూ ఫోను వదలనివారిగానే కనిపిస్తారు, కాబట్టి పిల్లల ఆట గురించి ఆందోళన పడే తల్లిదండ్రులు గంటలను లెక్కించడంతో పాటు, ఓడినప్పుడు పిల్లవాడు ఏమంటున్నాడో వినడం కూడా అవసరం.

ఈ తృప్తిని సిద్ధాంతంగా చెప్పడానికి మనస్తత్వ శాస్త్రంలో తరచుగా వాడేది మిహాయ్ చిక్‌సెంట్‌మిహాయి 1990లో ప్రచురించిన గ్రంథంలో వివరించిన ఫ్లో అనే భావన. పని మరీ సులువైతే విసుగు, మరీ కష్టమైతే ఆందోళన కలుగుతాయి. శక్తికి సరిసమానమైన కష్టం దొరికినప్పుడు మనిషి కాలాన్ని, తనను తాను మరచి పనిలో లీనమవుతాడు. ఆటల రూపకర్తలు దీనిని వేదవాక్యంగా తీసుకున్నారు. 2005లో వచ్చిన రెసిడెంట్ ఈవిల్ 4 ఆటగాడు తడబడుతున్నాడా, దూసుకుపోతున్నాడా అన్నది గమనించి, అతనికి తెలియకుండానే శత్రువుల దూకుడును హెచ్చించడం, తగ్గించడం చేస్తుంది. అయితే ఈ సిద్ధాంతం సగం మాత్రమే చెబుతుంది. నలభైసార్లు ఓడి నలభై ఒకటోసారి గెలిచినవాడు ఆ నలభైసార్లూ లీనమై హాయిగా లేడు. చిరాకు పడ్డాడు, ఫోను పక్కన పడేశాడు, లేచి మంచినీళ్ళు తాగి వచ్చాడు. డెన్మార్క్‌కు చెందిన పరిశోధకుడు యెస్పర్ యూల్ 2013లో రాసిన పుస్తకంలో పట్టుకున్న చిక్కు ఇదే: మనుషులు ఓటమిని కోరుకోరు, ఆట ఆడితే ఓటమి తప్పదు, అయినా మనుషులు ఆటను కోరుకుంటారు. ఆ నలభై ఓటముల చిరాకు కూడా తృప్తిలో భాగమేననీ, అది లేకుండా ఆట తనంతట తాను దారి ఇస్తే చివరి గెలుపు చప్పబడిపోతుందనీ ఒప్పుకోకుండా ఈ చిక్కు విడదు.

అలా అని కష్టాన్ని అందరికీ ఒకే కొలతతో పంచాలన్న వాదన నిలవదు. చేతులు వణికేవారికి, చూపు మందగించినవారికి, యాభై దాటాక మొదటిసారి ఆట పట్టుకున్నవారికి పావు సెకను అన్న లెక్క వర్తించదు. యువకుడికి కొండ అయినది వారికి గోడ అవుతుంది. సెలెస్ట్‌లో ఆట వేగాన్ని తగ్గించుకునే సదుపాయం ఉంది, ఎక్కేది అదే కొండ, ముళ్ళు అవే, ఎత్తూ దెబ్బా మాత్రం ఆడేవారి చేతికి అందే వేగంలో సాగుతాయి. 2020లో వచ్చిన హేడీస్‌లో గాడ్ మోడ్ అనే ఏర్పాటును ఎంచుకుంటే తగిలే దెబ్బల తీవ్రత మొదట 20 శాతం తగ్గుతుంది, చనిపోయిన ప్రతిసారీ మరో 2 శాతం తగ్గుతూ, 80 శాతం దాకా వెళుతుంది. ఎన్నిసార్లు ఓడితే అంత ఊతం దొరికే ఈ పద్ధతిలో ఓటమి వృథా పోదు. ఇలాంటి ఏర్పాట్లు ఆట పరువు తీస్తాయని వాదించే ఆటగాళ్ళు ఉన్నారు, వారి అభిమానం నిజమైనదే. కాని పక్కవాడు ఎక్కిన మెట్ల వల్ల తాను పాకిన బండ ఎత్తు తగ్గదు.

ఇలాంటి ఊతం ఆటల్లో చాలా పాతది. జపాన్‌లోని కొనామి సంస్థలో కజుహిసా హషిమోతో 1986లో గ్రాడియస్ అనే ఆటను ఇంటి యంత్రానికి మలుస్తున్నప్పుడు, పరీక్షించి చూడటానికి అది ఆయనకే మరీ కష్టమైంది. అందుకని ఒక వరుసలో మీటలు నొక్కితే ఆయుధాలన్నీ ఒకేసారి దొరికేలా రహస్య ద్వారం పెట్టుకున్నారు, అది తీసేయకుండానే ఆట బజారుకు వెళ్ళింది. పైకి, పైకి, కిందికి, కిందికి, ఎడమ, కుడి, ఎడమ, కుడి, బి, ఏ అన్న ఆ వరుసే 1988లో కాంట్రా అనే ఆటలో మూడు ప్రాణాలకు బదులు 30 ప్రాణాలు ఇచ్చేది. 1990లలో టీవీకి తగిలించే పెట్టెలతో, క్యాసెట్ మార్చి మార్చి ఆడిన పిల్లలు తెలుగు పట్టణాల్లో ఈ వరుసను ఎక్కాల్లా నోటికి నేర్చుకొని ఒకరికొకరు చెప్పుకున్నారు. ఒక్క తూటాకే ప్రాణం పోయే ఆ ఆటను మూడు ప్రాణాలతో దాటలేక, 30తో చివరిదాకా వెళ్ళి, ఏ మలుపులో ఎవడు పొంచి ఉన్నాడో, ఏ జలపాతం దగ్గర ఎప్పుడు దూకాలో చూసి వచ్చినవారిలో చాలామంది, తరువాత ఒక రోజు ఆ మీటలు నొక్కకుండానే ఆట మొదలుపెట్టేవారు.